ఏలీ లేని మందిరంలో సమూయేలును పడుకోబెట్టకండి



ఈ వారం మాటల్లో కొంచెం కోపం ఉంటుంది. ముందే చెప్తున్నాను. చదివి నామీద మీకు కోపం వస్తే ఫోన్ చేయండి, ఆదివారం దాకా మనసులో పెట్టుకోవద్దు.

పోయిన ఆదివారం ఆరాధనలో ఒక కుటుంబం కృతజ్ఞతార్పణ చెల్లించింది. వాళ్ళ పాప ఫిజీషియన్ అసిస్టెంట్ కోర్సు ముగించింది, ఇంటర్న్‌షిప్పు కూడా అయిపోయింది. అందరం చప్పట్లు కొట్టాం. ఆరాధన అయ్యాక వేపచెట్టు కింద టీ తాగుతా ఉంటే వాళ్ళ నాయన వచ్చి నా చేతిలో రెండు కాగితాలు పెట్టినాడు. రెండు ఉద్యోగాలు. ఒకటి మన దగ్గర్లోనే, ఇరవై పడకల నర్సింగ్ హోము. నెలకు 26 వేలు, ఉండటానికి గది, రాత్రి డ్యూటీ. రెండోది దూరంగా ఒక పెద్ద ఆసుపత్రి. మొదటి సంవత్సరం 17 వేలే, హాస్టలు ఖర్చు అందులోనే పోతుంది, పని ఏమిటంటే సీనియర్ డాక్టర్ వెనకాల వార్డులు తిరగడం.

"అయ్యగారూ, ప్రార్థన చేసి ఏది దేవుని చిత్తమో చెప్పండి" అన్నాడు.

నిజం చెప్పాలంటే ఆయన అడిగింది ప్రార్థన కాదు. ఇంట్లో తీర్మానం ఎప్పుడో అయిపోయింది. దానిమీద నా ముద్ర కావాలి. పక్కనున్న పెద్దలు కూడా "ఇరవై ఆరు వేలు, ఇంటికి దగ్గర, ఆడపిల్ల కళ్ళ ముందర ఉంటాది. ఇంక ఆలోచన యాడుంది?" అన్నారు. నేను కాగితాలు రెండూ చదివి, "పాపను రెండోదానికి పంపండి" అన్నాను. అందరి చేతుల్లో టీ గ్లాసులు ఆగిపోయాయి. ఒక పెద్దాయన నవ్వుతానే అన్నాడు, "అయ్యగారికి వాక్యం తెలుస్తాది గానీ ఆసుపత్రుల సంగతి ఏం తెలుస్తాది?"

మంచి ప్రశ్న. నాకు వైద్యం తెలియదు. కానీ ఇరవై రెండేళ్ళ కాపరి పనిలో నేను రుయా ఆసుపత్రి వరండాలో పడుకున్నాను, స్విమ్స్ అత్యవసర విభాగం బయట చెప్పులు నెత్తికింద పెట్టుకుని పడుకున్నాను, చిత్తూరు పెద్దాసుపత్రిలో, వేలూరు సి.ఎం.సి.లో టోకెన్ల కోసం తెల్లవారుజామున నిలబడ్డాను. రాత్రి రెండు గంటలకు ఆసుపత్రి ఎట్లా ఉంటుందో మన సంఘంలో నాకంటే ఎక్కువ తెలిసినవాళ్ళు తక్కువ. అందుకే రాస్తున్నాను.

ముందు ఈ చదువు ఏమిటో చెప్పుకుందాం. ఎందుకంటే పి.ఏ. అనగానే మనవాళ్ళలో సగం మంది "ఏ ఎమ్మెల్యే దగ్గర?" అని అడుగుతున్నారు. ఇది ఆ పి.ఏ. కాదు. డాక్టర్‌కు కుడిచేయిగా ఉండే ఉద్యోగం. రోగి కథ వివరంగా అడిగి రాయడం, పరీక్షించడం, రిపోర్టులు చూసి డాక్టర్‌కు చెప్పడం, ఆపరేషన్‌లో పక్కన నిలబడి చేయి అందించడం, ఇంటికి పోయే రోగికి మందులు ఎట్లా వేసుకోవాలో చెప్పడం. అమెరికాలో 1965లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ యూజీన్ స్టెడ్ దీన్ని మొదలుపెట్టాడు. నౌకాదళంలో వైద్య సహాయకులుగా పనిచేసి వచ్చిన నలుగురితో మొదలైంది. మన దేశానికి 1992లో వచ్చింది, చెన్నైలో మద్రాస్ మెడికల్ మిషన్‌లో గుండె ఆపరేషన్ల డాక్టర్ కె.ఎం. చెరియన్ ద్వారా. బైపాస్ ఆపరేషన్‌లో గుండెకు అతికించడానికి కాలి నుంచి రక్తనాళం తీస్తారు చూడండి, చాలా చోట్ల ఆ పని చేసేది పి.ఏ.లే. పైన పెద్ద డాక్టర్ ఛాతీ తెరుస్తుంటే కింద వీళ్ళు కాలి దగ్గర నిలబడి ఆ నాళాన్ని చిట్లకుండా తీస్తారు. చిన్న పని కాదు. సూదిమొన మీద ఉండే పని. కానీ గమనించండి, అదే బల్ల దగ్గర, అదే దీపం కింద, ఆ పెద్ద డాక్టర్ ఉంటాడు. ఈ వృత్తి పుట్టిందే ఆ ఏర్పాటు మీద. పైన డాక్టర్ లేకపోతే ఇది సగం వృత్తి కూడా కాదు, అసలు వృత్తే కాదు.

2021లో పార్లమెంటు అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం చేసి, అందులో వీళ్ళను కూడా ఒక వృత్తిగా చేర్చింది. సంతోషం. కానీ గుర్తింపు వేరు, డాక్టర్ కావడం వేరు. 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం 34వ సెక్షన్ ప్రకారం డాక్టర్ల రిజిస్టర్‌లో పేరు లేనివాళ్ళు వైద్యం చేస్తే ఏడాది వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. ఇది మన పిల్లల మెడ మీద ఉండే కత్తి. నర్సింగ్ హోము యజమానికి ఇది తెలుసు. మన బిడ్డకు చెప్పడు.

ఇప్పుడు సమూయేలు దగ్గరికి వద్దాం. మొదటి సమూయేలు మూడో అధ్యాయం మీ అందరికీ ఆదివారపు బడి నుంచే తెలుసు. పిల్లవాడు మందిరంలో పడుకుని ఉంటాడు. దీపం ఇంకా ఆరలేదు. ఎవరో పిలిచినట్టు వినిపిస్తుంది. ఏం చేశాడు? లేచి ఏలీ దగ్గరికి పరుగెత్తాడు. నేను పిలవలేదు, పోయి పడుకో అన్నాడు ఏలీ. రెండోసారి కూడా అంతే. మూడోసారి కూడా వాడు లేచి అదే ముసలాయన దగ్గరికి పోయాడు. మనం ఎప్పుడూ ఈ కథలో దేవుడు పిలిచిన పిలుపు గురించే ప్రసంగిస్తాం. నేనూ అంతే చేశాను ఇన్నేళ్ళూ. ఈ వారం నాకు వేరే సంగతి కనబడింది. అది ఒక రాత్రి డ్యూటీ. కొత్తగా పనిలో చేరిన కుర్రవాడికి తనకు అర్థం కానిది ఒకటి వినిపించింది. వాడు తనే అర్థం చెప్పుకోలేదు. సీనియర్‌ను లేపాడు. ఒకసారి కాదు, మూడుసార్లు లేపాడు. ఆ సీనియర్‌కు చూపు మందగించింది, మొదటి రెండుసార్లు ఆయనకే తెలియలేదు, సొంత కొడుకులను అదుపులో పెట్టుకోలేని మనిషి. అయినా ఆయన అక్కడ పడుకుని ఉన్నాడు. పిలిస్తే వినపడే దూరంలో. నిద్ర చెడగొట్టినందుకు కసురుకోలేదు. మూడోసారికి సంగతి గ్రహించి, ఏం చేయాలో చెప్పి పంపించాడు.

ఆ రాత్రి ఏలీ అక్కడ లేడనుకోండి. ఏలీ తన కాపురం తిరుపతిలో పెట్టుకుని, పొద్దున పదికి వచ్చి, మధ్యాహ్నం ఒంటిగంటకు పోయేవాడనుకోండి. పిల్లవాడు ఎవరి దగ్గరికి పరుగెత్తాలి?

ఇది కల్పన కాదు ప్రియులారా. నా తప్పు ఒకటి ఇక్కడ ఒప్పుకోవాలి.

కొన్నేళ్ళ కిందట ఇదే కోర్సు చదివిన ఒక అబ్బాయి మన ప్రాంతపు పిల్లవాడే. ఏ ఊరో, ఏ ఆసుపత్రో చెప్పను, చెప్పడం న్యాయం కాదు. వాడికి మొదటి ఉద్యోగం ఒక నర్సింగ్ హోములో వచ్చింది. నేనే ప్రార్థన చేసి పంపించాను. వేదిక మీద నిలబెట్టి శాలువా కప్పాను. "ప్రభువు ద్వారం తెరిచాడు" అన్నాను. మొదటి జీతంలో దశమభాగం కవరులో పెట్టి తెచ్చి ఇచ్చాడు, నేను సంతోషంగా తీసుకున్నాను. వాడి మెడలో వేలాడే కార్డు మీద ఏం రాసి ఉందో నేను చదవలేదు. "డ్యూటీ డాక్టర్" అని రాసి ఉంది.

నాలుగో నెలలో ఒక రాత్రి పక్క ఊరి నుంచి ఒకామెను ఆటోలో తెచ్చారు. యాభై దాటిన మనిషి, షుగరు ఉంది. పొట్ట పైభాగంలో నొప్పి, చెమటలు, వాంతి వచ్చేట్టుంది. గ్యాస్ అని వాళ్ళే అనుకుని వచ్చారు. మన ఊళ్ళలో గుండెకు సగం పేరు గ్యాసే కదా. అబ్బాయి ఈ.సి.జి. తీశాడు. తీశాడు, అది వాడి మంచితనం. అందులో ఏమీ కనబడలేదు. పెద్ద డాక్టర్‌కు ఫోన్ చేశాడు, ఎత్తలేదు. రెండోసారి చేశాడు, ఎత్తలేదు. మూడోసారి చేయడానికి భయమేసింది, పోయిన వారం ఇట్లాగే లేపినందుకు తిట్లు తిన్నాడు. గ్యాస్ ఇంజెక్షన్ ఇచ్చి పడుకోబెట్టాడు. తెల్లవారుజామున ఆమె పరిస్థితి మారింది. 108లో తిరుపతికి పంపించారు. చేరలేదు.

తర్వాత వాడు చదువుకుని తెలుసుకున్నాడు, తర్వాత నాకు చెప్పాడు. గుండెపోటులో మొదటి ఈ.సి.జి. కొందరిలో మామూలుగానే ఉంటుందట. నొప్పి తగ్గకపోతే కాసేపటికి మళ్ళీ తీయాలట, మళ్ళీ తీయాలట. షుగరు ఉన్నవాళ్ళలో, ఆడవాళ్ళలో నొప్పి ఛాతీలో కాకుండా పొట్టలో, వెన్నులో, దవడలో రావచ్చట. "అయ్యగారూ, ఇది పుస్తకంలో ఉంది. నేను చదివినాను కూడా. ఆ రాత్రి ఎవరన్నా పక్కన నిలబడి మళ్ళీ తియ్యి అని ఉంటే తీసుండేవాడిని" అన్నాడు. అంతే. వాడికి కావలసింది ఒక్క మాట. 'మళ్ళీ తియ్యి'. ఆ మాట చెప్పే మనిషి జీతం మిగుల్చుకోవడానికే వాడిని ఆ కుర్చీలో కూర్చోబెట్టారు.

ఆమె ఇంటివాళ్ళు గొడవ చేయలేదు. దేవుని చిత్తం అనుకున్నారు. నాకు ఇప్పటికీ ఆ మాట వింటే ఒళ్ళు మండుతుంది. ఆ అబ్బాయి ఆ ఉద్యోగం వదిలేశాడు, ఇప్పుడు వైద్యం పనిలోనే లేడు. వాడి పెళ్ళికి పోయాను, నా కళ్ళలోకి చూడలేదు. నేనూ చూడలేకపోయాను.

కాబట్టి 'ద్వారం తెరిచాడు' అనే మాట మన సంఘంలో కొంతకాలం ఆపుదాం. ఎవరు తెరిచారో చూడకుండా ప్రతి తలుపునూ ప్రభువు మీద వేస్తున్నాం. ఆ నర్సింగ్ హోము తలుపు ఎవరు తెరిచారో నేను చెప్తాను. లెక్కలు తెరిచాయి. రాత్రికి ఎం.బి.బి.ఎస్. డాక్టర్‌ను పెట్టుకుంటే ఎంత ఇవ్వాలో, మన పాపకు 26 వేలు ఇస్తే ఎంత మిగులుతుందో యజమాని లెక్క వేసుకున్నాడు. 17 వేలు ఇచ్చేచోటు కంటే 9 వేలు ఎక్కువ ఎందుకు ఇస్తున్నాడని ఒక్కరైనా అడిగారా? కొత్త పిల్లకు, అనుభవం లేని పిల్లకు, ఎవరైనా ఊరికే ఎక్కువ ఇస్తారా? ఆ 9 వేలు జీతం కాదు. రేపు ఏదన్నా జరిగితే కేసు షీటు మీద ఉండే సంతకం ఖరీదు.

మన తప్పు కూడా ఉంది. పాప ఇంకా సర్టిఫికెట్ తెచ్చుకోలేదు, అప్పుడే వీధిలో "డాక్టరమ్మా" అని పిలుస్తున్నారు. బి.పి. చూపించుకోవడానికి సాయంత్రం అరుగు మీద లైను కడుతున్నారు. పిలిచేవాళ్ళకు అది ప్రేమ, తెలుసు. తల్లిదండ్రులకు తీపి. మన జనంలో ఒక బిడ్డ తెల్లకోటు వేసుకుంటే తరతరాల అవమానం కడిగినట్టు ఉంటుంది. అది నాకు తెలుసు, నేనూ ఆ జనంలో పుట్టినవాడినే. కానీ ఆ ఒక్క మాట వల్లనే పిల్లలు రెండో ఉద్యోగం వదిలి మొదటిది పట్టుకుంటున్నారు. అక్కడ డాక్టర్ అంటారు, ఇక్కడ 'సిస్టర్ కాదు, డాక్టర్ కాదు, నువ్వెవరు' అంటారు. ఇంకో రెండేళ్ళకు ఊళ్ళోనే ఒక గది తీసి, బల్ల వేసి, సెలైన్ స్టాండు పెట్టుకుని కూర్చుంటారు. ఊళ్ళో ఉన్న ఆర్.ఎం.పి.లకు తోడు ఇంకొకరు. అంతకా మనం అప్పు చేసి చదివించింది?

ఎలీషా గురించి రాజుల కాలంలో జనం ఎట్లా చెప్పుకున్నారో గుర్తుందా? ఏలీయా చేతులమీద నీళ్ళు పోసినవాడు అని. అదీ ఆయన బయోడేటా. ఏ అద్భుతమూ చేయకముందు ఆయనకున్న అర్హత అదే, ఎవరి చేతులమీద నీళ్ళు పోశాడు అన్నది. మొదటి ఉద్యోగం గురించి మీ పాపను ఎవరైనా అడిగితే చెప్పవలసింది జీతం కాదు, ఆసుపత్రి ఎన్ని అంతస్తులో కాదు. ఏ డాక్టర్ వెనకాల నిలబడ్డావు?

ఇది నా పల్లెటూరి భయం అనుకోకండి. ఇంగ్లాండులో కూడా ఇదే గొడవ. అక్కడ 2022లో లండన్‌లో ముప్పై ఏళ్ళ యువతి ఒకామె కాలునొప్పి, ఆయాసం అని క్లినిక్‌కు రెండుసార్లు పోయింది. రెండుసార్లూ చూసింది పి.ఏ. ఆమె డాక్టరే చూస్తున్నారనుకుంది. కాలిలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు చేరింది, చనిపోయింది. దేశమంతా అల్లరి అయింది. ప్రభుత్వం ప్రొఫెసర్ జిలియన్ లెంగ్ అనే ఆమెను విచారించమంది, 2025 జూలైలో ఆమె నివేదిక ఇచ్చింది. అందులో మనకు కావలసినది రెండు మాటలు. కొత్తగా చదువు ముగించిన పి.ఏ.లు ముందు కనీసం రెండేళ్ళు ఆసుపత్రిలో పనిచేశాకే బయటి క్లినిక్కులకు పోవాలి. ఇంకా ఏ జబ్బో తేలని రోగిని, కొన్ని నియమాలకు లోబడిన సందర్భాల్లో తప్ప, వీళ్ళు ముందుగా చూడకూడదు. అంత డబ్బు, అన్ని అంబులెన్సులు ఉన్న దేశంలో ఆ మాట చెప్పారు. మన దగ్గర కోర్సు ముగిసిన మూడో వారంలో ఒంటరిగా ఇరవై పడకలు అప్పగిస్తున్నారు.

ఇక నాకు వచ్చిన జవాబుల సంగతి.

ఒక సహోదరుడు ఫోన్ చేసి గట్టిగానే అన్నాడు. "అయ్యగారూ, అందరూ పెద్దాసుపత్రులకే పోతే పల్లెలకు ఎవరు? మీరే కదా సేవ సేవ అని ప్రసంగాలు చేసేది?" ఈ మాట నన్ను రెండు రాత్రులు పడుకోనివ్వలేదు, నిజం. కానీ ఆలోచించండి. మనకు గంట ప్రయాణం దూరంలో వేలూరు ఉంది. ఆ ఆసుపత్రి పెట్టిన ఐడా స్కడర్ తిండివనంలో ఒక రాత్రి చూసినదేమిటి? ప్రసవ వేదనలో ఉన్న ముగ్గురు స్త్రీల కోసం ముగ్గురు భర్తలు వచ్చి పిలిచారు, మగ డాక్టర్‌ను పంపడానికి ఒప్పుకోలేదు, ముగ్గురూ తెల్లారేసరికి చనిపోయారు. అంతకంటే గట్టి పిలుపు ఏముంటుంది? ఆమె మరుసటి రోజు మందుల పెట్టె పట్టుకుని వీధిలోకి పోలేదు. అమెరికాకు పోయి, సంవత్సరాల తరబడి చదివి, 1899లో కార్నెల్‌లో పట్టా తీసుకుని, 1900లో వచ్చి వేలూరులో ఒక్క పడకతో మొదలుపెట్టింది. ఆ మధ్య సంవత్సరాల్లో ఆమెకు పల్లెల మీద ప్రేమ తక్కువైందా? ప్రేమ ఉంది కాబట్టే ఆలస్యం చేసింది.

ఇంకోటి. నేను పల్లె వద్దు, పట్నం ముద్దు అనడం లేదు. పాత చిత్తూరు జిల్లాలో మదనపల్లె పక్కన ఆరోగ్యవరం చూడండి. 1915లో ఆ గుట్టల మధ్య క్షయ ఆసుపత్రి మొదలైంది. చుట్టూ రాళ్ళు, సీతాఫలం చెట్లు. అయినా క్షయ వైద్యం నేర్చుకోవడానికి డాక్టర్లే అక్కడికి వచ్చేవాళ్ళు, ఎందుకంటే నేర్పే మనిషి అక్కడ కాపురం ఉన్నాడు. కుప్పంలో వైద్య కళాశాల ఉంది, అది మన జిల్లా అంచు. సి.ఎం.సి. వాళ్ళే చిత్తూరు పక్కన గుడిపాల మండలంలో ఆసుపత్రి పెట్టారు. చిన్న ఊరా పెద్ద ఊరా అన్నది లెక్కలోకి రాదు. పది పడకల మిషన్ ఆసుపత్రి అయినా సరే, డాక్టర్ ఆవరణలోనే ఉండి, రాత్రి లేపితే లేచి వచ్చేవాడైతే, పాపను కళ్ళు మూసుకుని పంపండి. వంద పడకలున్నా రాత్రికి డాక్టర్ లేకపోతే వద్దు.

"ఫోన్లో చూస్తారులే, వాట్సాప్‌లో ఈ.సి.జి. పంపిస్తే చాలు" అని నర్సింగ్ హోము వాళ్ళే చెప్పారట. దూరం నుంచి చూడటాన్ని నేను ఎగతాళి చేయను. మన అరగొండలోనే కదా 2000లో ఉపగ్రహం ద్వారా దూరవైద్యాన్ని అప్పటి అమెరికా అధ్యక్షుడు క్లింటన్ చేతుల మీదుగా ప్రారంభించింది. కానీ అది ఎదురుగా ఇంకో డాక్టర్ స్క్రీను ముందు కూర్చుని చేసే పని. దుప్పటి కప్పుకున్న డాక్టర్ దిండు కింద మోగే సైలెంట్ ఫోను దూరవైద్యం కాదు.

ఒక తల్లి ఇంకో మాట అడిగింది. ఊళ్ళో విలేజ్ క్లినిక్‌లో ఎం.ఎల్.హెచ్.పి.గా చేరవచ్చు కదా, ప్రభుత్వ ఉద్యోగం కదా అని. అమ్మా, అవి బి.ఎస్సీ. నర్సింగ్ చదివినవాళ్ళకు. ఈ కోర్సుకు అవి రావు. ఈ మాట కోర్సులో చేరేముందు చెప్పవలసింది, కాలేజీ వాళ్ళు చెప్పరు, మనం అడగం.

అన్నిటికంటే బరువైనది అప్పు. పాప నాయన పాడి ఆవులు రెండు అమ్మాడు, మిగతాది బ్యాంకు అప్పు. వాయిదా కట్టాలి. 17 వేలలో హాస్టలు పోను ఏం మిగులుతుంది? దీనికి నా దగ్గర వాక్యం లేదు. ఆకలిగా ఉన్నవాడికి వాక్యం చెప్పి పంపించడం గురించి యాకోబు ఏమన్నాడో మీకు తెలుసు. దీనికి డబ్బే జవాబు. కింద చెప్తాను.

నిన్న సాయంత్రం పాప మా ఇంటికి వచ్చింది. వాళ్ళ అమ్మ కూడా వచ్చింది. పాపకు నేను సలహా చెప్పలేదు, కొన్ని ప్రశ్నలు రాసిచ్చాను. రాత్రి డాక్టర్ ఎక్కడ పడుకుంటారు? పిలిస్తే ఎంతసేపట్లో వస్తారు? నా కార్డు మీద ఏమని రాస్తారు? మందుల చీటీ మీద ఎవరి సంతకం? డాక్టర్ ముందే సంతకం పెట్టి వదిలిన ఖాళీ చీటీలు ఉంటాయా? (ఉంటాయి. చూశాను.) ఒరిజినల్ సర్టిఫికెట్లు అడుగుతారా? అడిగితే లేచి వచ్చేయమన్నాను, బిడ్డ చదువును తాకట్టు పెట్టుకునేవాడు బిడ్డకు ఏమీ నేర్పడు. ఇంతకుముందు ఈ కుర్చీలో ఉన్నవాళ్ళు ఇప్పుడు ఎక్కడున్నారు, వాళ్ళతో మాట్లాడవచ్చా?

"ఇవన్నీ అడిగితే ఉద్యోగం ఇస్తారా అయ్యగారూ?" అంది వాళ్ళ అమ్మ.

"ఇచ్చేవాళ్ళు ఇస్తారమ్మా" అన్నాను. ఇంతకంటే మంచి జవాబు అప్పుడు తట్టలేదు.

పాప అక్కడే, మా వరండాలోనే, రెండుచోట్లకూ ఫోన్ చేసింది. స్పీకరు పెట్టింది. దూరపు ఆసుపత్రిలో మాట్లాడినామె కొంచెం విసుక్కుంది గానీ చెప్పింది. వార్డులో ముగ్గురు డాక్టర్లు రాత్రి ఉంటారు, మొదటి ఆరు నెలలు నువ్వు ఒక్కదానివే ఏ రోగినీ చూడవు, నువ్వు రాసిన ప్రతి కాగితం కింద వాళ్ళు సంతకం పెట్టాలి, అది నీకు నచ్చకపోతే ఇప్పుడే చెప్పు అంది. పాప ముఖంలో నాకు అప్పుడు భయం పోవడం కనబడింది.

తర్వాత నర్సింగ్ హోముకు చేసింది. మేనేజరు చాలా మర్యాదగా మాట్లాడినాడు. గది శుభ్రంగా ఉంటుంది, రెండు పూటల భోజనం మాదే అన్నాడు. "సార్, రాత్రి డాక్టర్ ఎక్కడ ఉంటారు?" అని అడిగింది.

ఆయన నవ్వినాడు. "అదేమిటమ్మా, డాక్టర్ మీరే కదా."

పాప బుధవారం పొద్దున బస్సుకు పోతుంది, దూరపు ఆసుపత్రికి. బ్యాంకు వాయిదా ప్రతి నెల 10వ తేదీ, ఏడాది పాటు. నేను నా వంతుగా ఒక నెలది కడతానని వాళ్ళ నాయనతో చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు, అప్పుగా అయితే తీసుకుంటానన్నాడు, సరే అన్నాను. ఇంకా పదకొండు నెలలు ఉన్నాయి. శాలువాలకు, వేదిక పూలకు, గత క్రిస్మస్ ఫ్లెక్సీకి మనం ఎంత ఖర్చు పెట్టామో కోశాధికారి దగ్గర లెక్క ఉంది. ఆదివారం ఆరాధన తర్వాత వేపచెట్టు కింద ఆయన పుస్తకం పట్టుకుని కూర్చుంటారు. టీ ఉంటుంది.